లె మాన్స్ 24 గంటల కార్ల పందెం, 1969: ఫోర్డ్ జీటీ40 మేలా, పోర్షే 908 మేలా?

కాగితం మీద పోర్షేదే పైచేయి: 3 లీటర్ల ఫ్లాట్-8 ఇంజిన్, తేలికైన బండి. ఫోర్డ్‌ది 4.9 లీటర్ల వీ8. బరువెక్కువ, అప్పటికే పాతబడ్డ డిజైన్. అయితే ఇదే బండి (ఛాసిస్, అంటే చట్రం నంబరు 1075) 1968లోనూ గెలిచింది. 24 గంటల పందెంలో ఆ మన్నికే ముఖ్యం.

డ్రైవర్లలో ఫోర్డ్ నడిపిన జాకీ ఇక్స్‌కే నా ఓటు. పందెం మొదలవగానే అందరూ కార్లవైపు పరుగెత్తితే ఇతను తాపీగా నడిచెళ్ళి, బెల్టు బిగించుకుని ఆఖర్న బయల్దేరాడు! చివర్లో పోర్షే డ్రైవర్ హెర్మన్ 908లో బ్రేక్ ప్యాడ్లు అరిగాయని హెచ్చరిక లైటు వెలిగింది. మార్చడానికి పిట్‌లో ఆగితే పందెం పోయినట్టే. అందుకే అలాగే లాగించాడు. ఆఖరి ల్యాప్‌లో ఇక్స్ ముల్సాన్ స్ట్రెయిట్ (ట్రాక్‌లో పొడవాటి తిన్నని దారి)పై అతన్ని కావాలనే ముందుకు వదిలి, గాలి తాకిడి తగ్గేలా వెనకే అంటుకుని, మలుపులోపే దాటేశాడు. తేడా దాదాపు 120 మీటర్లు.