ఎన్‌ఎస్‌ఎస్సా, సీఎస్‌పీనా? ఊరి పని నేర్చుకోవడానికి డిగ్రీ విద్యార్థికి ఏది మేలు?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే పిల్లలు ఊళ్లోకి వెళ్లి పనిచేయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఇష్టమున్నవాళ్లే చేరతారు. రెండోది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సీఎస్‌పీ. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 పాఠ్యప్రణాళికతో వచ్చింది, అందరూ చేయాల్సిందే. ఎలాగూ సీఎస్‌పీ తప్పనప్పుడు ఇంకోటి ఎందుకని చాలామంది ఎన్‌ఎస్‌ఎస్ జోలికి వెళ్లరు. కానీ ఒకటి నేర్పేది ఇంకోటి నేర్పదు.

ముందు గంటల లెక్క. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 చొప్పున రెండేళ్లకు 240 గంటలు, వాటికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. రెండూ పూర్తయితేనే సర్టిఫికెట్. ఆ 120 గంటల్లో 20 అవగాహన తరగతులకు, 30 కాలేజీ ఆవరణలో పనికి, 70 బయట జనం మధ్య పనికి కేటాయించాలి. ఎక్కువగా దెబ్బతినేది ఈ 70 గంటలే. ర్యాలీలు, దినోత్సవాలు, కాలేజీ ఫంక్షన్లలో కుర్చీలు సర్దడం కూడా సేవ ఖాతాలోకి వెళ్లిపోతాయి. అందుకే చేరేముందు ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను, అంటే ఎన్‌ఎస్‌ఎస్ చూసే లెక్చరర్‌ను, పని కోసం ఎంచుకున్న దత్తత ఊరి గురించి ఒక్క మాట అడగండి: "పోయినేడు దత్తత ఊరికి ఎన్నిసార్లు వెళ్లారు సార్?"

సీఎస్‌పీ 180 గంటలు, 4 క్రెడిట్లు. మొదటి ఏడాది అయ్యాక వచ్చే వేసవి సెలవుల్లో చేయాలి. రోజుకు ఆరు గంటలనుకుంటే సరిగ్గా 30 రోజుల పని, వారానికి ఐదు రోజుల లెక్కన ఆరు వారాలు. వారం సర్వే, వారం అవగాహన కార్యక్రమాలు, మూడు వారాలు జనంతో కలిసి పని, చివరి వారం నివేదిక. ఇంటి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే ఊరో వార్డో తీసుకోమని మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఎన్‌ఎస్‌ఎస్ అసలు బలం శిబిరం. యూనిట్‌కు వంద మంది, శిబిరానికి అందులో సగం. యాభై మంది హైస్కూల్లో పడుకుని, వంతులవారీగా వండుకుని, పొద్దున శ్రమదానం, సాయంత్రం ఊరివాళ్లతో సభ. పదిమందితో కలిసి పని పంచుకోవడం, సర్పంచ్‌తో మాట్లాడి ట్రాక్టర్ సంపాదించడం లాంటివి క్లాసురూములో అబ్బవు.

కాకపోతే ఏడు రోజుల్లో తేలే పనినే ఎంచుకోవాలి. శిబిరం డిసెంబరులో, జనవరిలో పడితే మొక్కలు నాటొద్దు, ఎండలు ముదిరేసరికి నీళ్లు పోసే దిక్కుండదు. దానికంటే ఇంటి వాడకం నీళ్లు ఇంకే ఇంకుడు గుంత మేలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వాలి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కాస్త చిన్నవి, పైన కంకర వేయాలి. నీళ్లు దిగే చోట అడుగున చిల్లులు పెట్టిన కుండలో కొబ్బరి పీచు కూరి పెట్టాలి. ఆ కుండ పెట్టకుండా వదిలేసిన గుంతల్లోనే సబ్బు నురగ, అన్నం మెతుకులు రాళ్ల మధ్య పేరుకుని నీళ్లు పైకి తంతాయి. నెలకోసారి పీచు మార్చడం ఆ ఇంటివాళ్లకు చేసి చూపించి రావాలి. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు, అక్కడ ఈ పని పెట్టుకోవద్దు. తాగునీటి బావికి, బోరుకు దగ్గరలోనూ తవ్వొద్దు.

అయితే పౌరుడిగా నేర్చుకోవడం అన్న మాటకొస్తే నా ఓటు సీఎస్‌పీకే, అదీ సొంత ఊళ్లో చేస్తేనే. శిబిరానికి వెళ్లిన ఊళ్లో మీరు అతిథులు. సొంత ఊళ్లో, ఓటరు జాబితాలో పేరుంటే, మీరు గ్రామసభ సభ్యులు. గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్లందరూ. లేచి నిలబడి అడిగే హక్కు మీకుంటుంది. 18 నిండినా ఓటు లేకపోతే ముందు ఫారం 6 పెట్టండి. 17 దాటినవాళ్లు కూడా ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు.

సీఎస్‌పీ చెడేది సర్వే దగ్గరే. "గ్రామ సమస్యలు" అని అంశం పెట్టుకుంటే ముప్పై ప్రశ్నల ఫారం తయారవుతుంది, చివరికి గుండ్రటి పై-చార్టు బొమ్మలు తప్ప ఏమీ మిగలదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. కెమిస్ట్రీ చదివే అమ్మాయైతే, ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ వీధి చివరి కుళాయి దాకా అందుతోందా అన్నది చూడొచ్చు. చివరి కుళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగును బట్టి క్లోరిన్ చెప్పే పరీక్ష కిట్ కోసం ముందు పంచాయతీలో అడగండి. కామర్స్ అబ్బాయి డ్వాక్రా సంఘాల పుస్తకాలు ఎలా రాస్తున్నారో చూడొచ్చు.

ఫారంలో "డ్రైనేజీ ఉందా?" అని అడిగితే ఉందంటారు, కాలువ ఉంది కాబట్టి. "వాన పడితే వాకిట్లో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయమ్మా?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ముందు ఐదిళ్లలో అడిగి చూసి, అర్థంకాని ప్రశ్నలు తీసేయండి. ఇంటికి ఇరవై నిమిషాలు వేసుకున్నా యాభై ఇళ్లకు 17 గంటలు చాలు. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసుంటాయి, పొద్దున ఎనిమిదిలోపో సాయంత్రం ఐదు తర్వాతో వెళ్లండి. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అడగొద్దు. అడిగితే పథకం ఏదో వస్తుందని ఆశపడతారు, లేదా ఉన్నది పోతుందని భయపడి తప్పు చెబుతారు.

లాగ్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. "గ్రామంలో పర్యటించి ప్రజలకు అవగాహన కల్పించాము" అన్న వాక్యానికి విలువ లేదు. "6.40కి ఎస్సీ కాలనీ చివరి కుళాయి. నీళ్లు పది నిమిషాలే వచ్చాయి. క్లోరిన్ పరీక్షలో రంగు రాలేదు" అని రాస్తే మౌఖిక పరీక్షలో ఎవరేమడిగినా చెప్పగలరు. పాత రిపోర్టులో ఊరి పేరు మార్చి ఇచ్చినవాళ్లు దొరికిపోయేది అక్కడే.

పంచాయతీ లెక్కలు కావాలంటే మొదటి వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువుంది, ఆలస్యంగా పెడితే నివేదిక రాసేనాటికి కాగితం చేతికి రాదు. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.

సీఎస్‌పీకి ఉన్న లోపం ఒంటరితనం. మెంటారు, అంటే దారి చూపే లెక్చరర్, ఒక్కరికే సెక్షనంతా ఉంటుంది, ప్రతి ఊరికీ రాలేరు. ఎన్‌ఎస్‌ఎస్‌లో శిబిరం చేసినవాళ్లకు ఇక్కడే ధైర్యం ఎక్కువ. వీలుంటే మొదటి ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరి, వేసవిలో సీఎస్‌పీ చేయండి. కానీ ఒకే పనిని రెండింట్లోనూ చూపించొద్దు, ఎన్‌ఎస్‌ఎస్ మామూలు కార్యక్రమాలకు సీఎస్‌పీ వేరుగా ఉండాలన్నది నియమం.

ఉన్నత్ భారత్ అభియాన్ సంగతీ ఒక మాట. 2014లో మొదలైన ఈ కేంద్ర కార్యక్రమంలో చేరిన కాలేజీ కనీసం ఐదు ఊళ్లను దత్తత తీసుకోవాలి. ఇంజినీరింగ్, వ్యవసాయ విద్యార్థులకు బాగా పనికొస్తుంది, కానీ అంతా కాలేజీ కోఆర్డినేటర్ చురుకుదనం మీద నడుస్తుంది. సీఎస్‌పీ ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి తెలంగాణ విద్యార్థులు పోల్చి చూసుకోవాల్సింది దీన్నీ ఎన్‌ఎస్‌ఎస్‌నీ. అక్కడైతే ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరి, ఆ 70 గంటలూ ఒకే ఊళ్లో గడిచేలా చూసుకోమంటాను. పైన చెప్పిన సర్వే పద్ధతి ఆ ఊళ్లోనూ పనిచేస్తుంది.

సీఎస్‌పీ చేసినవాళ్లు నివేదిక కాలేజీలో ఇచ్చి వదిలేయొద్దు. రెండు పేజీల్లో తెలుగులో కుదించి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి, తర్వాతి గ్రామసభ ఎప్పుడో అప్పుడే అడగండి. ఆ రోజు ఎత్తి చూపాల్సింది ఒక్క అంశమే. చివరి కుళాయి ఉన్న వీధి ఆడవాళ్లు నలుగురైనా మీతోపాటు వచ్చేలా ముందురోజు వెళ్లి పిలవండి.