గంజి నీళ్లు మేలా, గొట్టం మాత్రతో అన్నం మేలా?

పాంక్రియాటైటిస్‌తో, అంటే క్లోమ గ్రంథి వాపుతో హాస్పిటల్‌లో పడి ఇంటికొచ్చిన మనిషికి మా శ్రీకాకుళంలో మొదట ఎదురయ్యేది గంజి గ్లాసు. నాకూ అంతే. డిశ్చార్జి కాగితం మీద "నూనె, కొవ్వు వద్దు" అని ఒక్క ముక్క రాసి పంపారు. మరి ఏం తినాలో చెప్పినవాళ్లు లేరు. ఇంకేముంది, పొద్దున గంజి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మళ్లీ గంజి. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. నొప్పి రాలేదు కదా అని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. బెల్టుకి కొత్త కన్నాలు మేకుతో నేనే పొడుచుకున్నాను.

గంజికి చోటు లేదనను. నొప్పి తగ్గి, వాంతులు ఆగి, ఆకలి మొదలైన తొలి పూటల్లో హాయిగా ఉంటుంది. కానీ అక్కడ కూడా రోజుల తరబడి లంఖణం పెట్టే పద్ధతి ఇప్పుడు పోయింది. తేలికపాటి ఎటాక్ అయితే ఆకలి వేయగానే కొవ్వు తక్కువున్న మెత్తటి తిండే మొదలుపెట్టమంటున్నారు. నాలాగా జబ్బు దీర్ఘకాలికంగా మారినవాళ్లకి నెలల తరబడి గంజి అంటే కడుపు నింపుకుంటూ ఎండిపోవడమే. అందులో ఉన్నది నీళ్లు, కాస్త పిండి పదార్థం. కండ నిలబెట్టే మాంసకృత్తులు ఏవీ?

ఈలోగా పలాస నుంచి మా బావ జీడిపప్పు తెచ్చాడు. ఒక గుప్పెడు తిన్నాను. జీడిపప్పులో దగ్గర దగ్గర సగం కొవ్వే. మర్నాడు విరేచనం పాలిపోయిన రంగులో, నీళ్ల మీద నూనె తెట్టు కట్టి తేలింది. రెండు బకెట్లు పోసినా పోలేదు, ఆ కంపు వేరే చెప్పాలా? "చూశావా, నాను సెప్పనేదా?" అని అమ్మ గంజి ఇంకా పల్చన చేసింది.

అసలు సంగతి తర్వాత వేరే డాక్టరు చెప్పారు. క్లోమం బాగున్నప్పుడు రోజుకి లీటరు, లీటరున్నర రసం ఊరుతుంది. కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్ అందులోదే. గ్రంథి దెబ్బతిని ఆ రసం తగ్గితే తిన్న కొవ్వు తిన్నట్టే బయటికి పోతుంది. దాంతోపాటే ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. దానికి మందు తిండి మానడం కాదు, లేని ఎంజైమ్‌ను గొట్టం మాత్రగా (క్యాప్సూల్‌గా) ఇవ్వడం. మామూలుగా పెద్ద భోజనానికి 25,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్‌తో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. ఎవరికెంతన్నది డాక్టరే తేల్చాలి. ఇది పంది క్లోమం నుంచి తీసిన మందు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగడం మంచిది.

ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్న దగ్గర నేను నెల రోజులు పాడు చేసుకున్నాను. గ్యాస్ బిళ్లలాగా తిండికి అరగంట ముందు మింగేవాణ్ణి. అన్నం కడుపులోకి వచ్చేసరికి మాత్ర దాటిపోయేది. తిండితో పాటే కలవాలి దానికి. ఇప్పుడు మొదటి ముద్దతో ఒకటి, సగం భోజనం అయ్యాక ఒకటి. నమలకూడదు, విప్పి వేడి చారులో కలపకూడదు. మా ఎండల్లో చొక్కా జేబులో పెట్టుకు తిరగకూడదు.

మరి నూనె అసలు మానడమా, కొలిచి వాడడమా? నా ఓటు కొలతకే. నా కూరకి రోజు మొత్తంలో మూడు టీస్పూన్లు మా ఆవిడ విడిగా తీసి పెడుతుంది. మాత్ర పనిచేస్తుంటే కొవ్వును పూర్తిగా కోసేయక్కర్లేదని డాక్టర్లే అంటున్నారు. బజ్జీలు, వేపుళ్లు మాత్రం నేను ముట్టను. నెత్తళ్లు (చిన్న చేపలు) పులుసైతే సరే. పాలల్లో ఫుల్ క్రీమ్‌లో 6 శాతం వెన్న ఉంటే టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర. నేను తోడు పెట్టించేది డబుల్ టోన్డ్.

ఇక చోడి (రాగి) అంబలి. గంజితో పోలిస్తే మెరుగే. వంద గ్రాముల చోడిపిండిలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. డి విటమిన్ తగ్గి ఎముకలు పలచబడే మా జబ్బుకి అది కలిసొచ్చేదే. కానీ పీచు ఎక్కువ. పీచు మరీ ఎక్కువైతే ఎంజైమ్ పనికి అడ్డు, కడుపు కూడా తొందరగా నిండిపోయి అసలు భోజనం తగ్గుతుంది. అందుకే పదకొండు గంటలకి మజ్జిగ కలిపి ఒక్క గ్లాసు, అంతే. అన్నానికి బదులు కాదు. రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెం తింటాను. పప్పు, గుడ్డు, చేప ఏదో ఒకటి ప్రతి పెద్ద భోజనంలో ఉంటుంది. షుగర్ కూడా చూపించుకోవాలి, క్లోమం దెబ్బతింటే ఇన్సులిన్ కూడా తగ్గుతుంది.

తాగుడు, సిగరెట్ల మధ్య ఏది మేలని ఒకాయన అడిగాడు. రెండూ మానాల్సిందే, అక్కడ పోలిక లేదు.

ఇప్పటికి ఆరు కిలోలు తిరిగొచ్చాయి. కడుపు కాస్త బరువుగా ఉందంటే చాలు, అమ్మ ఇప్పటికీ పొయ్యి మీద గంజి పెట్టేస్తుంది. ఆ పూటకి తాగుతాను. నొప్పి వీపులోకి పొడిచి వాంతులు మొదలైతే మాత్రం గంజి కోసం ఆగను, ఆటో పిలవమంటాను.