పాత కామిక్స్ కంపెనీలు అభిమానుల ఉత్తరాలకిచ్చిన జవాబులు: కడప నుంచి కొనేవారికి ఒక సమీక్ష

పాత కామిక్స్ కొనేవాళ్లు అట్ట చూస్తారు, కథ చూస్తారు, చివర్లో ఉండే ఉత్తరాల పేజీని తిప్పేస్తారు. కంపెనీకీ పాఠకుడికీ మధ్య నడిచిన మాటంతా ఆ పేజీలోనే ఉంది. తర్వాతి కాలంలో కథల్ని సంకలనాలుగా మళ్లీ అచ్చేసినా ఉత్తరాల పేజీల్ని చాలావరకు వదిలేశారు. జవాబులు చదవాలంటే చాలాసార్లు అసలు సంచికే కొనాలి.

ఈ పేజీల వెనక తపాలా లెక్క ఒకటుంది. అమెరికాలో పత్రికలకిచ్చే చవక తపాలా రేటు దక్కాలంటే బొమ్మల పుస్తకంలో రెండు పేజీల వచనం ఉండాలి. చాలా ఏళ్లు ఆ చోటును చిన్న కథలతో నింపారు, పిల్లలు వాటిని పట్టించుకోలేదు. ఉత్తరాలు వేస్తే రచయితకు డబ్బివ్వక్కర్లేదు, పైగా తమ పేరు పడిందేమోనని పిల్లలు ప్రతి సంచికా వెతుక్కుంటారు.

అందరిలోకీ మంచి జవాబు సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ కంపెనీ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్‌ది. ఆయన ఉత్తరం రాసినవాళ్ల పూర్తి చిరునామా అచ్చేసేవాడు, మంచి ఉత్తరానికి బహుమతిగా కథకు చేత్తో గీసిన అసలు బొమ్మల్నే పంపేవాడు. చిరునామాలు బయటికి రావడంతో పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు. అలాంటి పాఠకుల్లో ఒకడైన జెర్రీ బెయిల్స్ 1961లో ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమానుల పత్రిక మొదలుపెట్టాడు. అందులో తోడున్న రాయ్ థామస్ 1965లో స్పైడర్‌మ్యాన్ కథలు వేసే మార్వెల్ కంపెనీలో చేరి, 1972కల్లా ప్రధాన సంపాదకుడయ్యాడు. జవాబు ఎంత తియ్యగా ఉందన్నది కాదు, దానివల్ల పాఠకుడికి ఏ దారి తెరుచుకుందన్నదే మా కొలత. ఆ కొలతకు ష్వార్ట్జ్‌ను మించినవాళ్లు లేరు.

మార్వెల్ పద్ధతి వేరు. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 3వ సంచికతో, 1962లో, ఉత్తరాల పేజీ మొదలైంది. సంపాదకుడికని ముక్తసరిగా రాయొద్దు, స్టాన్, జాక్ అని పేర్లు పెట్టి రాయండని రచయిత, సంపాదకుడు స్టాన్ లీ అడిగాడు (జాక్ అంటే బొమ్మలు గీసిన జాక్ కర్బీ). జవాబులో చనువు, చమత్కారం, కాస్త డప్పు కూడా ఉండేవి. 1963 నాటి 20వ సంచికలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ చిన్నప్పటి ఉత్తరముంది, దానికోసమే కొనేవాళ్లున్నారు. ఇక ‘నో-ప్రైజ్’, అంటే లేని బహుమతి: కథలో తప్పు పట్టుకుని, అది తప్పెందుకు కాదో కూడా చెప్పగలిగినవాడికి దక్కేది. 1967 నుంచి దాన్ని ఖాళీ కవరుగా పంపారు, ‘అసలైన నో-ప్రైజ్ ఇందులో ఉంది’ అని కవరు మీదే అచ్చు. లోపల ఏమీ లేదని తిరిగి ఫిర్యాదు రాసినవాళ్లూ ఉన్నారు! కవరే కాబట్టి నకలు చేయడం తేలిక. తపాలా ముద్రా, చిరునామా లేని కవరుకు పెద్ద ధర పెట్టకండి.

భయానక కథల కామిక్స్‌కు పేరుపడ్డ ఈసీ కంపెనీ 1953లో 25 సెంట్లకు అభిమానుల సంఘం పెట్టి సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, భుజానికి కుట్టుకునే బ్యాడ్జీ, పిన్ను పంపింది. విడివిడిగా దొరుకుతాయి, పూర్తి సెట్టు అరుదు.

మన ‘చందమామ’ పూర్తిగా కామిక్స్ కాదు, అయినా ఈ వరసలో ఉండాల్సిందే. 1947 జులైలో మొదలుపెట్టిన ఇద్దరిలో బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. చందమామలోని ఫొటో వ్యాఖ్యల పోటీ నిజానికి పోస్టుకార్డు మీద నడిచిన సంభాషణ. రెండు ఫొటోలకు రెండు మూడు మాటల్లో, ఒకదానికొకటి పొసిగేలా వ్యాఖ్యలు రాయాలి. గెలిచినవారి పేరూ ఊరూ అచ్చయ్యేవి, బహుమతి తొలినాళ్లలో 10 రూపాయలు. మన ఊళ్ల పేర్లు వెతుక్కుంటూ చదవడానికి ఇంతకంటే మంచి పేజీ లేదు. చిక్కల్లా బైండింగుతోనే. బైండు చేసేటప్పుడు అట్టలు తీసేస్తారు, అంచులు కోస్తారు, చివరి పేజీలు కూడా అట్టతోపాటు పోవడం మామూలే. విడి సంచికలే కొనండి.

అమెరికన్ సంచికలకు ఇంకో గండం కత్తెర. 1974 నుంచి రెండేళ్లపాటు మార్వెల్ ఉత్తరాల పేజీలోనే ‘వాల్యూ స్టాంపు’ అని చిన్న బొమ్మ వేసి, కత్తిరించి దాచుకోమంది. పిల్లలు కత్తిరించారు. ‘హల్క్’ 181వ సంచికలో, అంటే పంజాల వీరుడు వుల్వరిన్ పూర్తిగా కనబడిన మొదటి సంచికలో, ఆ స్టాంపు లేకపోతే ధర బాగా పడిపోతుంది. సంఘంలో చేరే కూపన్లదీ ఇదే కథ, కూపన్ కోస్తే దాని వెనకవైపు అచ్చయినదీ పోతుంది. అందుకే అట్ట ఫొటో చూసి డబ్బు పంపొద్దు. ఉత్తరాల పేజీ రెండువైపులా, నడిమి పిన్ను దగ్గర పేజీలు ఊడాయా లేదా, అన్నీ ఫొటోలు అడగండి. అరవైల నాటి మామూలు సంచికైతే అట్ట కాక 32 పేజీలుండాలి, లెక్కపెట్టించండి.

ఇంటికొచ్చాక మన ఎండే శత్రువు. ఆ కాగితం చెక్కగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింటు, దానిలోనే ఆమ్లముంటుంది, వేడికి త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. పడమటి గోడకున్న ఇనుప బీరువా వద్దు. లోపలి గదిలో కడప బండ అర మేలు, కానీ గోడ చెమ్మ పీల్చేదైతే బండ మీద చెక్క పలక వేసి పెట్టండి. ఒక్కో సంచికనూ ఆమ్లం లేని అట్టముక్కతో పాలిస్టర్ కవర్లో నిలబెట్టండి. లామినేషన్ చేయిస్తే మళ్లీ వెనక్కి తీయలేరు. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాల్ని మింగేస్తుంది. కలరా ఉండలు, వేపాకు పేజీల మధ్య పెట్టొద్దు, చెదలు రాకుండా అరనే నెలకోసారి దులపండి.

మొదటిసారి కొనేవారు చందమామ విడి సంచికతో మొదలుపెట్టి, తర్వాత అట్ట నలిగినా ఉత్తరాల పేజీ బాగున్న ష్వార్ట్జ్ కాలపు డీసీ సంచిక ఒకటి తెప్పించుకోండి. అట్ట చెడిన సంచిక అదే సంచిక మంచి ప్రతికంటే చవక.