ట్రాయ్ లీ డీ4 కార్బన్ హెల్మెట్: బీఎంఎక్స్ రేసర్ అవసరాల దృష్ట్యా సమీక్ష

ఆస్ట్రేలియాకు చెందిన సాయా సకాకిబారా క్రీడాజీవితాన్ని గమనించినవారికి చిన్న సైకిళ్లపై మట్టి ట్రాక్‌లో సాగే బీఎంఎక్స్ రేసింగ్‌లో హెల్మెట్ విలువ గురించి వేరుగా చెప్పనక్కరలేదు. 2020 ఫిబ్రవరిలో బాథర్స్ట్ ప్రపంచకప్ పోటీలో ఆమె అన్న కాయ్ కిందపడ్డాడు. మెదడుకు తగిలిన తీవ్రగాయం ఆయన రేసింగ్ జీవితాన్ని ముగించింది. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో సాయా కూడా పడిపోయి తలకు దెబ్బ తగిలించుకుంది. అయినా ఆటను వదలకుండా 2024లో పారిస్‌లో స్వర్ణం గెలిచింది. అంతర్జాతీయ స్థాయిని ఆశించే రేసర్ ఏ హెల్మెట్ కొనాలన్న ప్రశ్నను ఇంత గంభీరంగానే చూడాలి. ట్రాయ్ లీ డిజైన్స్ వారి డీ4 కార్బన్ ఆ ప్రశ్నకు చాలావరకు సమాధానం చెబుతుంది.

బీఎంఎక్స్‌లో అత్యున్నత స్థాయివైన సూపర్‌క్రాస్ పోటీల్లో ఎనిమిది మంది రేసర్లు 8 మీటర్ల ఎత్తున్న ర్యాంప్ మీద నుంచి ఒకేసారి కిందికి దూసుకొస్తారు. మొదటి మలుపులోనే భుజాలు రాసుకుంటాయి. అక్కడ పడినవారి తల సాధారణంగా నేలకు ఏటవాలుగా తగులుతుంది. అప్పుడు పుట్టే మెలితిప్పు బలమే మెదడుకు ఎక్కువ హాని చేస్తుంది. ఈ హెల్మెట్ లోపలి మిప్స్ అనే జారే పొర తల చుట్టూ హెల్మెట్‌ను కొద్దిగా జారనిచ్చి ఆ బలాన్ని తగ్గించడానికి ఉద్దేశించినది.

నాకు అంతకన్నా నచ్చినది చెంప ప్యాడ్‌ల అమరిక. ప్రమాదం జరిగినప్పుడు వైద్య సిబ్బంది ముందుగా ఆ ప్యాడ్‌లను కిందివైపు నుంచి లాగేసి, ఆ తరువాత మెడ కదలకుండా హెల్మెట్‌ను నెమ్మదిగా తీయగలుగుతారు. వెన్నెముకకు గాయమైందో లేదో తెలియని ఆ మొదటి నిమిషాల్లో ఇంతకన్నా ముఖ్యమైన సదుపాయం మరొకటి ఉండదు. అమ్మకపు ప్రకటనల్లో బరువు గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కార్బన్ ఫైబర్‌తో చేసిన షెల్ (బయటి డొప్ప) తేలికగా ఉండటం మంచిదే. ఒక్కో రేసు నలభై సెకన్లలోపే ముగిసినా, హీట్ల (తొలి రౌండ్ల) నుంచి ఫైనల్ దాకా రోజంతా పోటీపడే మెడకు ఆ తేడా తెలుస్తుంది. అయితే ఈ శ్రేణిలో ఖరీదైనది కూడా ఇదే. లోపలి ఫోమ్ ఒక పెద్ద దెబ్బను తాను నలిగి భరిస్తుంది. పైన గీత పడకపోయినా మళ్లీ అదే రక్షణ ఇవ్వలేదు కాబట్టి గట్టిగా పడిన ప్రతిసారీ హెల్మెట్ మార్చాల్సిందే. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నదాన్ని పక్కన పెట్టడానికి చాలామందికి మనసొప్పదు, ప్రమాదమూ అక్కడే ఉంది.

అందుకే ఖర్చును జట్టు భరించే ఎలైట్ రేసర్లకు కార్బన్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. ఇంకా ఎదుగుతున్న జూనియర్లు మాత్రం ఇదే శ్రేణిలోని చవకైన పాలీయాక్రిలైట్ (ప్లాస్టిక్ షెల్) రకాన్ని కొనుక్కుని, మిగిలిన డబ్బును తరువాతి హెల్మెట్ కోసం దాచుకోవడం మేలు. ఏ రకమైనా తలకు పెట్టుకుని చూసే కొనాలి: హెల్మెట్‌ను పక్కకు తిప్పితే చెంపల చర్మం కూడా దానితోపాటే కదలాలి. వాడిన హెల్మెట్‌ను, అది ఎంత కొత్తగా కనిపించినా, కొనవద్దు.