ఏడేళ్లు వాడిన ఎత్తు స్టూళ్లు: ఇనుము, స్టీలు, టేకు

కడపలో మాది నన్నారి షర్బత్, నిమ్మసోడా అంగడి. 2018 వేసవిలో కౌంటర్ ముందు వేయడానికి ఎనిమిది ఎత్తు స్టూళ్లు కొన్నాను. కౌంటర్ 42 అంగుళాలు, స్టూలు 30. మోకాళ్లకు ఆ సందు చక్కగా సరిపోయింది. నాలుగు ఇనుప పైపువి, రెండు స్టెయిన్‌లెస్ స్టీలువి, రెండు టేకువి తీసుకోవడంతో ఏది ఎలా నిలుస్తుందో కళ్లారా చూశాను.

ఇనుపవాటికి నల్ల పౌడర్ కోటింగ్, రెక్సిన్ సీటు. ముందు పాడైంది సీటు కాదు, కాళ్లు పెట్టుకునే రింగు. చెప్పుల రాపిడికి అక్కడ కోటింగ్ లేచి తుప్పు మొదలైంది. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో కాల్చి పట్టిస్తారు కాబట్టి మామూలు పెయింట్ కంటే గట్టిదే. కానీ ఒక్కచోట లేచిందంటే తేమ దాని కిందుగా పాకుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, గోరుతో గీకితే పొరలుగా ఊడొస్తుంది. తర్వాత దెబ్బతిన్నవి కాళ్ల అడుగుభాగాలు. మేం రోజూ నేల కడుగుతాం. రబ్బరు బుష్ అరిగితే నీళ్లు పైపులోకి పోయి లోపల్నుంచే తినేస్తాయి.

2021లో ఒక స్టూలు రింగు ఊడిపోయింది. అప్పుడు దాని మీద ఎవరూ లేరు, నాకు మాత్రం వారం రోజులు టెన్షన్ తగ్గలేదు. చూస్తే రింగుకు చుట్టూ వెల్డింగ్ లేదు, అక్కడక్కడ చుక్కల్లా టాకాలు వేసి వదిలేశారు. బాగుచేసినతను ఒకటే మాట అన్నాడు: "ఎక్కేటప్పుడు బరువంతా దీని మీదే కదన్నా, సుట్టూ కొట్టాల్సిందే."

మా అంగడి పడమటి ముఖం. మూడో ఎండాకాలానికి రెక్సిన్ బిరుసెక్కి పగిలింది. దాన్ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకు మెల్లగా పోతుంది. పగుళ్లలోంచి షర్బత్ స్పాంజిలోకి దిగితే ఆ వాసన ఎంత కడిగినా పోదు.

స్టీలువి 304 అని, అంటే తుప్పును బాగా ఆపే గ్రేడని చెప్పి అమ్మారు. ఏడాదిన్నరకే కాళ్ల దగ్గర గోధుమరంగు మచ్చలు. అయస్కాంతం అంటుకోలేదని నమ్మాను, కానీ 202 అనే తక్కువ రకం గ్రేడుకు కూడా అంటుకోదు. పాతసామాను కొనే ఆయన రసాయనం చుక్క వేసి చూపించి 202 అని తేల్చాడు. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, తుప్పును అంతగా ఆపలేదు. మా తప్పూ ఉంది. మరకలు పోవాలని నేలకు యాసిడ్ వాడేవాళ్లం, దానికి 304 కూడా తట్టుకోదు. మానేశాక కొత్త మచ్చలు రాలేదు. (కౌంటర్ కడప బండకూ పులుపు పడదు. సున్నపురాయి జాతి కాబట్టి నిమ్మరసం పడి ఆరితే పాలిష్ పోతుంది.)

టేకువి బరువు, ధరా ఎక్కువే. వచ్చినవాళ్లు ముందు వాటి మీదే కూర్చుంటారు. మధ్యాహ్నం స్టీలు సీటు కాలుతుంది, చెక్క కాలదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి నీళ్లకు ఉబ్బలేదు. ఏడేళ్లలో ఒక్క అతుకు వదులైతే వడ్రంగి విప్పి మళ్లీ బిగించాడు, అంతే.

ఇనుప ఫ్రేములు పారేయలేదు. కిందటేడు రెక్సిన్ పీకేసి టేకు పలకలు బిగించాను, రింగులకు స్టీలు తొడుగు వేయించాను, బుష్‌లు అరగకముందే మారుస్తున్నాను. ఇప్పుడు ఇంకో రెండు చేయిస్తున్నా. ఈసారి 16 గేజి పైపు అడిగాను. గేజి నంబరు తగ్గేకొద్దీ పైపు మందం పెరుగుతుంది. పాతవి 18 గేజివి, రింగు అతికిన చోట నొక్కుకుపోయాయి.