ఆరేళ్లుగా మా పిల్లల కార్ సీటు: స్కూల్ దారి నుంచి సంక్రాంతి ప్రయాణం దాకా

మా పాప పుట్టకముందు కొన్న కార్ సీటులో ఇప్పుడు పాప తమ్ముడు కూర్చుంటున్నాడు. పాపకు ఆరేళ్లు నిండాయి, బాబుకు మూడో ఏడు నడుస్తోంది. కొనే ముందు నేను చదివిన సమీక్షలన్నీ డబ్బా విప్పిన వారానికే రాసినవి. గుడ్డ మెత్తగా ఉంది, రంగు బాగుంది అని ఉండేవి. హైదరాబాద్ ఎండలు, ఘాట్ రోడ్డు వాంతులు, పండగ ట్రాఫిక్, పట్టు పరికిణీలు, ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరాలు అన్నీ దాటాక ఆ సీటు ఎలా ఉందో చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తున్నా: కొనండి. అయితే డబ్బులు కట్టగానే పని అయిపోదు. ఇంట్లో అందరూ ఒప్పుకుని, సందు చివరి దుకాణానికి వెళ్లినా సరే పిల్లల్ని అందులోనే కూర్చోబెడితేనే అది పనికొస్తుంది.

మాది పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా వాడుకునే రకం. కారు బెల్టుతోనే బిగించాలి. ఈసీఈ ఆర్44/04 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉన్న నారింజ రంగు స్టిక్కర్ వెనక ఉంది. మన దేశంలో దీనికి ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది. ఇలాంటి ప్రమాణం ముద్ర ఏదీ కనిపించకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ఆన్‌లైన్‌లో మెత్తటి దిండుకు నాలుగు పట్టీలు కుట్టి "కార్ సీట్" పేరుతో అమ్ముతున్నారు, వాటి జోలికి అసలు వెళ్లొద్దు. మేం కొన్నప్పుడు పన్నెండు వేల పైన అయింది. పాపకు తర్వాత విడిగా బూస్టర్ సీటు (కారు బెల్టు సరిగ్గా ఆనేలా పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టేది) కొన్నాం, అది 15 నుంచి 36 కిలోల వరకు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఒళ్లో పెట్టుకుంటే సరిపోదా?" సరిపోదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్దుకుంటే ఆ క్షణంలో పది కిలోల పిల్లాడిని ఆపడానికి రెండు మూడు వందల కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలి. అంత బలం ఏ తల్లి చేతుల్లోనూ ఉండదు. పైగా ముందు సీట్లో ఒళ్లో ఉన్న పిల్లాడు డ్యాష్‌బోర్డుకీ మనకీ మధ్య నలిగిపోతాడు. చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. నేను మాత్రం జరిమానా కోసం కొనలేదు, ఔటర్ రింగ్ రోడ్డు కోసం కొన్నాను. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద కార్లు 120 దాకా వెళ్లొచ్చు. పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడల్లా నాకు వెనక సీటే గుర్తొస్తుంది.

బిగించడం దగ్గరే చాలామంది విసిగిపోతారు. మా కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి పెట్టాలి కదా, అలా పెడితే ముందు సీటు బాగా జరపాల్సి వస్తుంది. మావారు పొడగరి, డ్రైవర్ వెనక పెడితే ఆయన మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలేవి. అందుకని ఎడమవైపు పెట్టాం. దాని వల్ల ఇంకో మేలు ఉంది. నిజాంపేట రోడ్డులాంటి చోట పిల్లల్ని ఫుట్‌పాత్ వైపు దించొచ్చు, ట్రాఫిక్ వైపు తలుపు తీయక్కర్లేదు. బెల్టుతో బిగించాక సీటు మొదలు దగ్గర పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. మోకాలు సీటులో ఆనించి, బరువంతా వేసి బెల్టు లాగితే గానీ అంత గట్టిగా రాదు. అదే ఐసోఫిక్స్ (బెల్టు లేకుండా కారులోని కొక్కేలకు నేరుగా తగిలించే పద్ధతి) ఉన్న సీటు అయితే రెండు క్లిక్కులతో పని అయిపోతుంది. కొత్తగా కొనేవాళ్ల కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే అదనంగా డబ్బులు పోసినా ఆ రకమే తీసుకోమంటాను. చాలామంది కారు కొనగానే మందపాటి సీటు కవర్లు వేయిస్తారు, కొక్కేలు వాటి కిందకి పోతాయి. కవర్ కుట్టే అతనికి ముందే చెప్పి అక్కడ సందు వదిలించుకోండి.

పాపకు 13 కిలోలు వచ్చేదాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టాను. ఆర్44 ప్రకారం 9 కిలోలకే ముందుకు తిప్పొచ్చు. కొత్త ఆర్129 ప్రమాణంలో కనీసం 15 నెలల దాకా వెనక్కే ఉండాలి. పసిపిల్లలకు తల బరువు ఎక్కువ, మెడ లేత. ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు వెనక్కి తిరిగి ఉంటే వీపు, తల, మెడ అన్నీ కలిసి ఆ దెబ్బను సీటుకు పంచేస్తాయి. "కాళ్లు ముడుచుకుపోతున్నాయి, పాపం" అని చూసినవాళ్లంతా అన్నారు. పాప మాత్రం కాళ్లు బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చునేది. ఒక్క జాగ్రత్త: ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా ఆ సీటు వీపునే కొడుతుంది.

ఇంట్లో వాళ్లను ఒప్పించడం వీటన్నింటికంటే కష్టమైంది. మా అత్తయ్యది కోదాడ. ఆస్పత్రి నుంచి పాపను తీసుకొచ్చే రోజే, "గట్ల కట్టేస్తే బిడ్డ ఏడ్వదా? నా ఒళ్లో కూసోబెట్టుకుంట తియ్" అన్నారు. నేను వాదన పెట్టుకోలేదు. "అత్తయ్యా, మీరు పక్కనే కూర్చోండి, మీ చెయ్యి దానికి అందేట్టు ఉండండి" అన్నాను. ఆ మొదటి నెలల్లో పాప ఏడ్చినప్పుడల్లా కారు పక్కకు ఆపాం. సీటులోంచి తీసి, పాలిచ్చి, మళ్లీ కూర్చోబెట్టాం. కారు నడుస్తుండగా మాత్రం తీయలేదు. ఒక్కసారి తీస్తే ఏడిస్తే తీస్తారని పిల్లలకు అర్థమైపోతుంది. కొన్నాళ్లకు అత్తయ్యే జోలపాట పాడుతూ పట్టీ సరిచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు బాబుకు బకిల్ పెట్టేది ఆవిడే, క్లిక్ వినపడితే గానీ "పోనియ్" అనరు. ఈ సీటు మా ఇంట్లో పనిచేసిందంటే సగం పుణ్యం అత్తయ్యదే.

రోజూ స్కూల్‌కు దింపేటప్పుడు దూరం రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆలస్యమవుతుంటే "ఇంతకే కదా" అనిపిస్తుంది. ఆ అలవాటు ఒక్కరోజూ సడలకుండా చూసుకున్నాం కాబట్టే పెద్ద ప్రయాణాల్లో గొడవ లేదు. పాపకు సీటు లేకుండా కారు ఎక్కడమంటే ఏంటో తెలియదు.

సంక్రాంతికి కోదాడ వెళ్లే 65వ నంబర్ హైవేనే అసలు పరీక్ష. పెద్ద అంబర్‌పేట దాటినప్పటి నుంచే బండ్లు బారులు తీరతాయి, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ కనిపించేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. మామూలు రోజుల్లో మూడు గంటల్లో చేరే దారి పండగ ముందు రోజుల్లో ఎంత పడుతుందో చెప్పలేం. పసిపిల్లలను రెండు గంటలకు మించి ఏకబిగిన సీటులో ఉంచొద్దంటారు, అది మేం గట్టిగా పాటిస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, నార్కట్‌పల్లిలో టిఫిన్‌కి ఆగుతాం. పిల్లలు కాసేపు పరిగెడతారు, మళ్లీ బుద్ధిగా ఎక్కుతారు. ఒకసారి చిట్యాల దగ్గర రోడ్డు మీదకు గేదెలు అడ్డం వచ్చాయి, మావారు ఒక్కసారిగా బ్రేక్ వేశారు. నా బ్యాగు, నీళ్ల సీసా, చేగోడీల డబ్బా ముందుకు వచ్చి పడ్డాయి. పాప నిద్ర లేచి చుట్టూ చూసి, మళ్లీ పడుకుంది. ఆ రోజు నుంచి సీటు ధర గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

అక్షరాభ్యాసానికి బాసర వెళ్లినప్పుడు ఈ సీటు విలువ ఇంకోలా తెలిసింది. మేడ్చల్, కామారెడ్డి మీదుగా 44వ నంబర్ హైవే మీద నిజామాబాద్ వైపు పోయే దారి చక్కగా ఉంటుంది. వసంత పంచమి రద్దీ వద్దని మామూలు రోజు చూసుకుని వెళ్లాం. పాపకు మెత్తని కాటన్ గౌను వేసి తీసుకెళ్లి, గుడి దగ్గర దిగాక పట్టు పరికిణీ కట్టాను. ఇది అమ్మలందరూ గుర్తుపెట్టుకోవాలి. పట్టు పరికిణీ, లోపల కాన్‌కాన్ వేసిన ఫ్రాకు, చలికాలం మందపాటి జాకెట్, వీటి మీద పట్టీ బిగించినట్టే ఉంటుంది గానీ లోపల ఖాళీ ఉండిపోతుంది. పట్టీ పెట్టాక భుజం దగ్గర రెండు వేళ్లతో చిటికెడు పట్టుకోబోతే పట్టు దొరకకూడదు, దొరికితే వదులుగా ఉన్నట్టే. పైగా కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ దగ్గర పరికిణీ ఉండలా చుట్టుకుంటుంది. పుట్టినరోజులకు, పెళ్లిళ్లకు ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లోనే బట్టలు మారుస్తాను. జరీ నలగకుండా ఉంటుంది, పిల్లలకూ చెమట పట్టదు.

శ్రీశైలం దారి మాత్రం కష్టం. మన్ననూరు దాటాక అమ్రాబాద్ అడవి, ఆ తర్వాత దోమలపెంట నుంచి ఆనకట్ట దాకా మలుపులే. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలకు రోడ్డు కనిపించదు, కడుపులో తిప్పుతుంది. బాబు వాంతి చేసుకున్నప్పుడు ఆ దారిలో ఆపడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఘాట్ ఎక్కే ముందు పాలు ఇవ్వను, పొడి ఇడ్లీ ముక్క, కొంచెం నీళ్లు అంతే. సీటు మీద పాత కాటన్ తువ్వాలు పరుస్తాను. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి గేటు మూసేస్తారు కాబట్టి, పిల్లలున్నప్పుడు మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

ఎండాకాలం గురించి చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కారు ఎండలో పెట్టి వస్తే బకిల్ ఇనుము పెనంలా కాలుతుంది. తెల్ల తువ్వాలు కప్పి ఉంచడం, ఎక్కించే ముందు చేత్తో తాకి చూడటం తప్పనిసరి. మా సీటు గుడ్డ గాలి ఆడే రకం కాదు, పిల్లల వీపు తడిసిపోతుంది. ఇంకోసారి కొంటే జాలీ గుడ్డ ఉన్నది చూస్తాను.

ఉతకడం తేలికే. కవర్ విప్పి సబ్బునీళ్లలో నానబెట్టొచ్చు. పట్టీలు మాత్రం మెషీన్‌లో వేయకూడదు, ఘాటైన డిటర్జెంట్ వాడకూడదు, వాటి బలం తగ్గిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. పులిహోర మెతుకులు, రాగిజావ, లడ్డూ పొడి బకిల్‌లోకి దిగి ఓసారి క్లిక్ పడటం మానేసింది. మాన్యువల్‌లో రాసినట్టు గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెడితే బాగుపడింది. వెనక్కి వాల్చే మీట రెండో ఏడుకే బిగుసుకుపోయింది. భుజం ప్యాడ్ ఒకటి చిరిగితే విడిగా దొరకలేదు, అమ్మిన కంపెనీకి ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. కాబట్టి మీరు కొనేటప్పుడు విడిభాగాలు అమ్ముతారా అని తప్పకుండా అడగండి.

రెండు సీట్లు పెట్టాక మా హ్యాచ్‌బ్యాక్ వెనక మధ్యలో పెద్దవాళ్లు కూర్చోవడం నరకం. పండగకు అందరం ఒకే కారులో వెళ్లలేం. మామయ్యగారు ఆర్టీసీ సూపర్ లగ్జరీలో వస్తారు, బతుకమ్మ పూల సంచులు కూడా ఆయనతోనే. ఇది నిజమైన ఇబ్బందే, దాచిపెట్టను. ఏడు సీట్ల బండి అద్దెకు మాట్లాడేటప్పుడు వెనక బెల్టులు బయటికి ఉన్నాయా, కవర్ల కింద తొక్కేశారా అని ముందే ఫొటో అడుగుతాం. ఎయిర్‌పోర్టుకు క్యాబ్‌లో వెళ్తే సీటు మోసుకెళ్లి బిగించుకోవాలి. తొందరపెట్టని డ్రైవర్లు తక్కువ, అయినా ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకుంటాను.

కొత్త కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే మన దేశ పరీక్ష) ఫలితాలు చూడండి. 2023 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. అందులో పిల్లల భద్రతకు విడిగా 49 మార్కులు ఉంటాయి. సీట్లు సరిగ్గా బిగుస్తాయా లేదా అన్నదానికీ అందులో మార్కులున్నాయి. పెద్దవాళ్ల స్టార్లు ఒక్కటే చూసి ఆగిపోకండి.

పాప ఇప్పుడు బూస్టర్‌లో ఉంది. ఎత్తు 135 సెంటీమీటర్లు దాటేదాకా అది తీయను. బెల్టు మెడ మీద కాకుండా భుజం మీద, పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనాలంటే అంత ఎత్తు కావాలి. బాబు 18 కిలోలు దాటగానే వాడికీ బూస్టర్ తీసుకుంటాం. అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు మా పాత సీటు అడిగారు, ఇవ్వనని చెప్పాను. దాని అడుగున ఉన్న తయారీ తేదీకి మాన్యువల్‌లో రాసిన ఏడేళ్లు వచ్చే ఏడు నిండుతాయి. ఆ రోజు పట్టీలు కత్తిరించి పడేస్తాను, ఇంకెవరూ తీసుకుని వాడకుండా.