షెడ్డు మీద సోలార్ పెట్టిస్తున్నరా? అడ్వాన్స్ ఇయ్యకముందే చదవండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు ఇప్పుడు ఏ గల్లీకి పోయినా సోలారోళ్ళే. స్లాబు ఖాళీగ ఉండాలె, బట్టలు ఆరేసుకోవాలె, వడియాలు పెట్టుకోవాలె అనేటోళ్ళకు వాళ్ళు చెప్పే మాట ఒక్కటే: "మీ ముంగట రేకుల షెడ్డు ఉన్నది గద సార్, దాని మీదనే బిగిస్తం, స్ట్రక్చర్ ఖర్చు మిగులుతది." ఆ మిగిలే ఖర్చు దగ్గరనే మొత్తం కత ఉన్నది. మా ఇంట్ల ఏమైందో చెప్తున్న.

మాది గోపాలపురం దిక్కు, తూర్పు ముఖం ఇల్లు, పైన ఇంకో అంతస్తు. ముంగట బండ్లు పెట్టుకునే షెడ్డు. దాని మీద 540 వాట్ల ప్యానెళ్ళు 6 బిగించిన్రు, అంటే 3 కిలోవాట్లకు కొంచెం పైన. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, బరువు దగ్గర దగ్గర 28 కిలోలు. అంత బరువును షెడ్డు మోస్తదా అని అడిగితే అమ్మేటాయన పైపు పట్టుకొని వేలాడి చూపెట్టిండు. మోస్తది, నిజమే. కానీ మూడు దిక్కులా ఖాళీగ ఉన్న షెడ్డు కిందికి గాలి జొరబడితే పైకి తంతది. ఆ లెక్క ఎవరూ వెయ్యలే. షెడ్డు కాళ్ళేమో టైల్స్ మీద చిన్న బోల్టులతోని నిలబడ్డయి, లోపల కాంక్రీటు దిమ్మె లేదు.

ఎండాకాలం ఆఖర్ల గాలిదుమారం లేస్తే ముందు వరుస ప్యానెళ్ళు రేకుతో సహా లేచినయి. అడ్డం పైపు విల్లు లెక్క వంగింది. ఒక ప్యానెల్ అద్దం అంతా సన్నసన్నగ పగిలి, ఫ్రేములనే అతుక్కొని ఉన్నది. ఆ టైముల కింద ఎవరూ లేరు, అదొక్కటే నయం. ఫోన్ చేస్తే "గాలివానకు వారంటీ ఉండదు సార్" అన్నరు. కాగితం తీసి చూడండి, 25 ఏండ్లు అని గొప్పగ చెప్పేది ప్యానెల్ ఇచ్చే కరెంటుకు. పైపుకు, బోల్టుకు, బిగించిన పనికి ఆ మాట వర్తించదు.

వాన సంగతి ఇంకోటి. రేకుకు తూట్లు పెట్టి స్క్రూలు కొట్టినప్పుడు కింద రబ్బరు వాషరు ఉండాలె. మా దగ్గర సగం స్క్రూలకు లేదు, ఎంసీల్ రుద్దిన్రు. ఒక్క ఎండకే అది పెచ్చులూడింది. ఇప్పుడు వాన పడితే నీళ్ళు పైపు వెంట జారి సరిగ్గ స్కూటీ సీటు మీద పడుతున్నయి. వెల్డింగ్ పెట్టిన చోట వెండి రంగు పూసిన్రు గద, దాని కిందికెళ్ళి తుప్పు గీతలు దిగుతున్నయి. కొందరు "రేకులు తీసేయుండ్రి, ప్యానెళ్ళే కప్పు అయితయి" అంటరు. రెండు ప్యానెళ్ళ నడుమ సందు ఉంటది, దానికి వేరే రబ్బరు పట్టీ, నీటి కాలువ చెయ్యకపోతే అది పందిరే, కప్పు కాదు.

పోనీ కరెంటన్నా బాగొచ్చిందా అంటే అదీ లేదు. కొలతలకు పొద్దున 10 గంటలకు వచ్చిన్రు, అప్పుడు షెడ్డు మీద ఎండ దండిగ ఉన్నది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మా సొంత పై అంతస్తు నీడనే ప్యానెళ్ళ మీద పడుతది! ప్యానెళ్ళన్నీ ఒకే వరుసల కలిపి ఉంటయి కాబట్టి ఒకటి రెండింటి మీద నీడ పడ్డా మొత్తం మీద వచ్చే కరెంటు తగ్గుతది. దక్షిణం దిక్కు ఎత్తు బిల్డింగ్ ఉన్నోళ్ళు ఇంకా జాగ్రత్త. డిసెంబర్‌ల మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకే వస్తడు, ప్యానెళ్ళ కన్నా 10 అడుగులు లేచిన గోడ నీడ దాదాపు 9 అడుగులు పారుతది. రేకుకు అతికించి పెడితే కింద గాలి ఆడక వేడికి కూడా కరెంటు తగ్గుతది. 3 కిలోవాట్లకు రోజుకు 12 యూనిట్ల దాకా అని చెప్తరు, అది నీడ లేని స్లాబు మీది లెక్క.

కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతయి అని కూడా చెప్పిన్రు. బ్యాటరీ లేకుండ కరెంటు లైన్‌కే కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్ లైన్ పోంగనే బంద్ అయితది, లైన్‌మెన్‌కు షాక్ కొట్టకుండ అట్లనే తయారుచేస్తరు.

ఇగ సబ్సిడీ. 2024ల వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. అది నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కేసే మీటరు) పడ్డాక మన ఖాతాలనే జమైతది. దేశంల తయారైన సెల్స్‌తోని చేసిన డీసీఆర్ ప్యానెళ్ళకే ఇస్తరు. మాకు చూపెట్టిన శాంపిల్ డీసీఆర్, పైకెక్కించినవి వేరే. బిల్లుల డీసీఆర్ అని, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్‌తో సహా రాయించుకోండి, వెనక స్టిక్కర్‌తో సరిపోల్చినంకనే పైకెక్కనియ్యండి. మీటరు ఎవరి పేరు మీద ఉన్నదో కూడా చూసుకోండి. బాపు పేరు మీద మీటరు, కొడుకు పేరు మీద ఖాతా అయితే అక్కడనే ఆగుతది. నెట్ మీటర్ పడకముందే స్విచ్ ఆన్ చేస్తం అంటే వద్దనండి, కొన్ని మీటర్లు బయటికి పోయే కరెంటును కూడా వాడినట్టే లెక్కేస్తయి.

షెడ్డు మీదనే కావాలంటే దాని మీద ఆధారపడకుండ వేరే కాళ్ళు, వేరే దిమ్మెలు అడగండి. పైపు సైజు, మందం, 80 మైక్రాన్ల హాట్‌డిప్ గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండ కరిగిన జింకుల ముంచి పెట్టే పూత), మూడు వేరువేరు ఎర్తింగ్‌లు, 5 ఏండ్ల సర్వీసు, అన్నీ కొటేషన్ల ఉండాలె. వైర్లు పైపుల లోపల పెట్టించండి, మన ఊర్ల కోతుల సంగతి తెలిసిందే. పైసల్ల పెద్ద భాగం నెట్ మీటర్ పడేదాక ఆపండి. మాకు ఉన్న ఒక్క పట్టు అదే, ఆ ఆఖరి వాయిదా కోసమే వాళ్ళు ఇంకా ఫోన్ ఎత్తుతున్నరు.

వెండర్ పేరు ఇక్కడ రాయను, వినియోగదారుల కమిషన్‌కు పోతున్నం. ఇట్లనే ఇరుక్కున్నోళ్ళు ఉంటే, 5 లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, 2 ఏండ్ల లోపల వెయ్యాలె. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. పగిలిన ప్యానెల్, వంగిన పైపు ఫోటోలు తారీఖు కనిపించేటట్టు తీసినంకనే వెల్డర్‌ను పిలవండి.